పటం విప్పిన రాత్రి: తెలంగాణ కులపురాణ ప్రదర్శనల చరిత్ర

తెలంగాణ పల్లెల్లో బొమ్మలు చూపడానికి ఒక చోటు, ఆట ఆడడానికి మరొక చోటు అన్న విభజన చాలాకాలం లేదు. వాడ నడుమ ఖాళీ జాగాలో రెండు గుంజలు పాతి, వాటికి పొడవాటి గుడ్డను వేలాడదీసి, పక్కన దీపం పెట్టి కథ ఎత్తుకుంటే చూడవలసిన బొమ్మ, వినవలసిన పాట, నవ్వవలసిన హాస్యం అన్నీ అక్కడే సమకూరేవి. ఆ గుడ్డకు పటం అని పేరు. సుమారు మూడడుగుల వెడల్పు, ముప్పై మొదలు అరవై అడుగుల దాకా పొడవు ఉండి, చాపలా చుట్టిపెట్టుకోదగిన ఈ పటం మీద ఒక కులం పుట్టుక మొదలుకొని ఆ కులవీరుల విజయాల దాకా నలభై, యాభై దృశ్యాలు వరుసగా చిత్రించి ఉండేవి. నేడు చేర్యాల బొమ్మలన్న పేరుతో అంగళ్లలో అమ్ముడవుతున్న ఎర్రనేల చిత్రాలకు మూలం ఈ పటమే.

పటానికి ముగ్గురు హక్కుదారులు ఉండేవారు. దానిని చిత్రించినవారు నకాషీలు. నకాషీ అనేది చెక్కడం, చిత్రించడం అనే అర్థంలో ఉర్దూ నుంచి వచ్చి వృత్తినామంగా, క్రమంగా కులనామంగా స్థిరపడిన మాట. పటాన్ని ఊరూరా మోసుకొనిపోయి కథ చెప్పినవారు వేరొక కులంవారు. ఆ కథ ఎవరి పుట్టుకను గురించినదో, ఎవరు కూర్చుని విని కట్నం చెల్లించారో వారు ఇంకొక కులంవారు. చిత్రకారుడు, కథకుడు, దాత అనే ఈ ముగ్గురి మధ్య నడిచిన కట్టుబాటే పటం కళను తరతరాలుగా నిలిపింది. ఆ కట్టు సడలిన నాడు బొమ్మ ఒక దారిన, కథ మరొక దారిన పోయాయి.

పూర్వపు జాడలు

బొమ్మను చూపుతూ కథ చెప్పే అలవాటు తెలుగునాట ఎంత పాతదో సాహిత్యం కొంతవరకు చెబుతుంది. 13వ శతాబ్దికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో శ్రీశైల శివరాత్రి ఉత్సవాలను వర్ణిస్తూ, తెర వెనుక ఆడించే బొమ్మలతో సహా ఆనాటి జనం చూసిన ఆటలను, పాటలను వరుసగా పేర్కొన్నాడు. ఆయన ఊరైన పాలకుర్తికి, నేటి చేర్యాలకు నడుమ ఉన్నది పెద్ద దూరం కాదు. రెండూ జనగామ చుట్టుపక్కల నేలకు చెందినవే.

ఆ తరువాతి కాలపు క్రీడాభిరామం ఇంకా దగ్గరి సాక్ష్యం ఇస్తుంది. గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఒక్క రోజంతా ఓరుగల్లు వీధులు తిరిగిన వృత్తాంతమైన ఈ కావ్యంలో, పల్నాటి వీరుల బొమ్మలను గీసి ఉన్న చోటు, వారి కథను పాడుతున్న స్త్రీ, మాచల్దేవి అనే వేశ్య ఇంటి చిత్రశాల అన్నీ కనిపిస్తాయి. చిత్రశాల ధనికుల ఇంటి అలంకారం కాగా, వీరుల బొమ్మలు వీధి జనానికి చెందినవి. పటం కథల వంశవృక్షాన్ని వెతికేవారికి ఈ రెండవ కొమ్మే ముఖ్యం. అయితే సాహిత్యంలో దొరికే జాడల వయసు పటాలకు లేదు. పద్మశాలీల కులకథను చిత్రించిన పటాలలో అతి పాతదాన్ని పండితులు 17వ శతాబ్దానికి చెందినదిగా లెక్కించారు. మిగిలిన పటాలలో ఎక్కువ భాగం గత రెండు శతాబ్దాలవే. ఇంత కొద్దిపాటి పాత పటాలే మిగలడానికి కారణం చిత్రకళలో కాక, పటానికి జరిపే అంత్యక్రియలో ఉంది. ఆ సంగతి ముందు వస్తుంది.

ఎవరి కథ ఎవరు చెప్పాలి

తెలంగాణలో చాలా వృత్తి కులాలకు వాటినే ఆశ్రయించి బతికే కథక కులాలు ఉన్నాయి. వీటిని పరిశోధకులు ఆశ్రిత కులాలని, ఉపకులాలని వ్యవహరిస్తారు. ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథ చెబుతారు. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ, భావనారుషి పురాణం చెబుతారు. గౌడులకు గౌడజెట్టివారు, మంగలివారికి అద్దపువారు, మాదిగలకు డక్కలివారు ఆయా కులపురాణాలు వినిపిస్తారు. గొల్లలను ఆశ్రయించిన మందెచ్చులవారు మాత్రం పటానికి బదులు కొయ్యబొమ్మలను పెట్టెలో మోసుకొని వచ్చి, కాటమరాజు కథలోని ఒక్కొక్క పాత్రను బయటికి తీసి నిలబెడుతూ, పుల్లరి తగాదాతో మొదలై యుద్ధంతో ముగిసే ఆ వీరగాథను నడిపిస్తారు. ఆ బొమ్మలను తయారుచేసిన చేతులు కూడా నకాషీలవే.

ఈ ఆశ్రయం ఇష్టానికి వదిలిన దానధర్మం కాదు. ఏ కుటుంబం ఏ ఊళ్లలో కథ చెప్పాలో ముందే పంపకం జరిగి ఉండేది. ఆ హక్కును మిరాశీ అనేవారు. మిరాశీ అంటే వంశపారంపర్యంగా సంక్రమించే హక్కు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పొలంతో పాటు మిరాశీ ఊళ్లను కూడా పంచుకునేవారు. ఒకరి ఊరిలో మరొకరు పటం విప్పితే తగవు కులపెద్దల దాకా పోయేది. ఏడాదికో, రెండు మూడేళ్లకో ఒకసారి వచ్చే కథకులకు దాత కులంవారు ఇంటికింత అని పోగుచేసి ధాన్యం, బట్టలు, డబ్బు ముట్టజెప్పేవారు. దీనికి త్యాగం అని ఒక పేరు ఉండడం గమనించదగినది. ఇచ్చేవాడి గౌరవాన్ని, పుచ్చుకునేవాడి హక్కును ఒకే మాట మోస్తుంది.

కథకులు వినోదం పంచి వెళ్లిపోయేవారు మాత్రమే కాదు, వారు దాత కులానికి నోటి దస్తావేజు వంటివారు. పద్మశాలీలకు నూట ఒక్క గోత్రాలని సంప్రదాయం చెబుతుంది. కూనపులివారు పటం ముందు నిలబడి గోత్రాలను వల్లించినప్పుడు, ఎవరికి ఎవరు బావమరుదులో, ఎవరికి ఎవరు అన్నదమ్ముల వరుసో సభలో అందరికీ మరొకసారి రూఢి అయ్యేది. చదువు తక్కువగా ఉన్న కాలంలో ఒక సమూహం తన చరిత్రను, బంధుత్వాన్ని, వృత్తి గౌరవాన్ని ఎప్పటికప్పుడు సరిచూసుకున్న చోటు ఈ ప్రదర్శన.

గుడ్డ, గంజి, చింతగింజ

పటం తయారీ గుడ్డను గట్టిపరచడంతో మొదలవుతుంది. చేతినేత ముతక ఖద్దరుకు బియ్యపు గంజి, సుద్దమట్టి, చింతగింజల అంబలి, తుమ్మబంక కలిపిన ముద్దను పూస్తారు. చింతగింజల అంబలి అంటే గింజలను నానబెట్టి, రుబ్బి, నీళ్లు పోసి చిక్కబడేదాకా ఉడికించిన జిగురు. ఇదే నకాషీల బొమ్మల పనికీ ఆధారం, ఎందుకంటే రంపపు పొట్టును దీనితో కలిపి పిసికితే బొమ్మ ముక్కు, కళ్లు, నగలు దిద్దడానికి పనికివచ్చే ముద్ద తయారవుతుంది. గుడ్డకు ఒక పూత ఆరిన తరువాత మరొకటి చొప్పున మూడు పూతలు వేస్తారు. నేతలోని సందులు పూడి రంగు లోపలికి ఇంకకుండా పైననే నిలవాలి; అదే సమయంలో పూత మరీ మందంగా ఉంటే చుట్టినప్పుడల్లా పెళ్లలుగా రాలుతుంది. ఎన్నో ఏళ్లపాటు వందల సార్లు చుట్టి విప్పవలసిన వస్తువు కాబట్టి ఈ పాళ్లు కుదరడమే మొదటి విద్య.

ఆ తెల్లని నేల మీద నకాషీ బొగ్గు గీతలు లేకుండా, ఉడుత తోక వెంట్రుకలతో కట్టిన కుంచెతో నేరుగా రూపురేఖలు గీసేవాడు. తరువాత నేపథ్యమంతా ఎరుపుతో నింపి, ఒంటి రంగులు, బట్టలు, నగలు వరుసగా దిద్ది, చివర నల్లని గీతతో రూపాలను తేల్చేవాడు. ఎరుపుకు ఇంగిలీకం, పసుపుకు హరిదళం, నీలానికి నీలిమందు, నలుపుకు దీపపు మసి, తెలుపుకు సుద్ద లేదా గవ్వల పొడి వాడేవారు. వాటిని నూరి, బంకనీటితో కలిపి కొబ్బరి చిప్పలలో పెట్టుకునేవారు. ఎరుపు నేల చేర్యాల శైలికి గుర్తుగా నిలిచిపోయింది గాని, నూనె దీపం వెలుగులో దూరంగా కూర్చున్నవారికి పసుపు, తెలుపు, నీలపు ఆకారాలు ఆ నేల మీదనే తేటగా కనిపిస్తాయన్న వ్యవహారజ్ఞానం కూడా ఆ ఎంపిక వెనుక ఉండవచ్చు. ముఖాలను పక్కచూపుతో గీసి, కంటిని మాత్రం పెద్దదిగా దిద్దడం, ముఖ్యపాత్రను మిగిలినవారికన్నా పెద్ద ఆకారంలో చూపడం కూడా గుంపులో వెనుక వరుసవారి సౌకర్యానికి తగినవే.

బొమ్మలలోని దేవతలు పురాణాలవారైనా, వారి చుట్టూ ఉన్న లోకం మాత్రం తెలంగాణ పల్లె. గౌడుల పటంలో తాటిచెట్లు, కల్లుకుండలు, మోకు కట్టుకున్న గీతకాడు ఉంటారు. పద్మశాలీల పటంలో రుషి కూడా మగ్గం ముందు కూర్చుంటాడు. భావనారుషి విష్ణువు నాభికమలపు తూటి దారంతో దేవతలకు బట్టలు నేశాడని చెప్పే కథను విన్న నేతగాడు, తెల్లవారి తన గుంటమగ్గంలోకి దిగినప్పుడు తన పనికి దేవలోకంలోనే పునాది పడిందన్న భావంతో దిగేవాడు. చూసేవాడి పనిముట్టును పురాణంలో ఉంచడం ఈ చిత్రకళ సాధించిన పెద్ద ఫలితం.

ప్రదర్శన క్రమం

కథ సాధారణంగా పొద్దుగూకిన తరువాత మొదలై, పెద్ద పురాణమైతే కొన్ని రాత్రులు సాగేది. పటాన్ని వేలాడదీసి, పసుపు కుంకుమలతో పూజించి, కొబ్బరికాయ కొట్టిన తరువాతనే విప్పేవారు. పటంలో మొట్టమొదటి బొమ్మ గణపతిది కావడం వల్ల దేవతాప్రార్థన కూడా చిత్రంలో భాగంగానే నడిచేది. నలుగురైదుగురు ఉండే మేళంలో ప్రధాన కథకుడు చేతిలో కర్రతో బొమ్మను చూపుతూ వచనం చెబుతాడు, రాగం తీస్తాడు, పాత్రలను తానే అభినయిస్తాడు. వంతలు, అంటే పాట చివరను అందుకొని తిరిగి పాడేవారు, తాళం, తబలా, హార్మోనియంలతో తోడు నిలుస్తారు, నడుమ నడుమ ప్రశ్నలు వేసి కథను మలుపు తిప్పుతారు, హాస్యం పండిస్తారు. చెప్పిన భాగాన్ని చుట్టుకుంటూ, చెప్పవలసిన భాగాన్ని విప్పుకుంటూ పోవడంవల్ల రాబోయే దృశ్యం సభకు కనబడదు. కథలోని ఉత్కంఠకు ఈ చుట్టే తెర.

పటంలోని ఒక్కొక్క దృశ్యం కథలో ఎంత సమయం తీసుకోవాలన్నది గీతలో లేదు; అది కథకుడి చేతిలో ఉంది. సభ పెద్దదైతే పెళ్లి ఘట్టాన్ని సాగదీయవచ్చు, వాన మబ్బు కమ్మితే నాలుగు బొమ్మలను నాలుగు మాటల్లో దాటించవచ్చు. నకాషీ గీసిన పటం స్థిరం, దాని ముందు నడిచిన కథ చలనం. ఒకే పటంతో తండ్రి చెప్పిన రాత్రి, కొడుకు చెప్పిన రాత్రి ఒక్కటి కావు.

కొన్ని సమూహాలకు ఈ ప్రదర్శన వినోదాన్ని, వంశచరిత్రను మించిన అవసరం. మాదిగల జాంబపురాణం ప్రకారం వారి మూలపురుషుడైన జాంబవుడు భూమికన్నా ముందు పుట్టినవాడు, అందరికన్నా పెద్దవాడు. ఊరి వెలుపల ఉంచబడిన వాడలో డక్కలివారు ఆ పటం విప్పి, పెద్దరికం ఎవరిదో చెబుతుంటే, పగలు ఊరిలో నడిచిన లెక్క ఆ రాత్రికి తలకిందులయ్యేది. ఇదే పురాణాన్ని మాదిగలనే ఆశ్రయించిన చిందువారు కొయ్య కిరీటాలు, భుజకీర్తులు ధరించి, ముఖానికి రంగు వేసుకొని యక్షగానంగా ఆడేవారు. బ్రాహ్మణుడికి, జాంబవుడికి మధ్య జరిగే సంవాదం అందులో కీలకమైన ఘట్టం. ఒకే కథకు బొమ్మల రూపం, వేషాల రూపం రెండూ ఒకే వాడలో ఉండడం, చిత్రకళకు, నాటకానికి నడుమ ఆ సమాజం గోడ కట్టలేదనడానికి మంచి నిదర్శనం. నిజామాబాదు ప్రాంతపు చిందు ఎల్లమ్మ ఆ యక్షగానానికి రాష్ట్రమంతటా పేరు తెచ్చింది. అదే యక్షగానాన్ని ఆడే, జనగామ జిల్లాకు చెందిన గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ లభించింది. డక్కలివారి వాద్యమైన కిన్నెరను వాయించిన దర్శనం మొగిలయ్యకు అదే గౌరవం 2022లో దక్కింది.

పాత పటం, కొత్త పటం

ఏళ్ల తరబడి చుట్టి విప్పిన పటం అంచులు చిరిగి, రంగులు రాలిన తరువాత కథకులు నకాషీ వద్దకు వచ్చి కొత్తది రాయించుకునేవారు. పాత పటాన్ని ముందు పెట్టుకొని, కథకులు పాడి వినిపిస్తుంటే వరుస తప్పకుండా నకాషీ కొత్తది గీసేవాడు. పెద్ద పటమైతే ఈ పనికి నెలలు పట్టేది. బొమ్మల వరుస కథకుడి సొత్తు, గీత నకాషీ సొత్తు అన్న పంపకం ఇక్కడ కూడా కనిపిస్తుంది.

కొత్త పటానికి పూజ జరిగిన తరువాత పాతదాన్ని మూలన పారవేయరు, అమ్ముకోరు. మనిషికి చేసినట్లే కర్మ జరిపి నదిలో కలుపుతారు. పటం దేవుడి బొమ్మ ఉన్న గుడ్డ కాదు, అది దేవుడి ఒళ్లే అన్న విశ్వాసం దీనికి మూలం. పాత పటాలు అరుదుగా మిగలడానికి కారణం ఇదే. మ్యూజియంకు వస్తువు ఎంత పాతబడితే అంత విలువ. కథకుడికి మాత్రం పాతబడిన పటం తన ఆయువు తీరిన పెద్దమనిషి. ఈ రెండు విలువల మధ్య పొత్తు కుదరదు, కాబట్టి నేడు సేకరణలలో ఉన్న ప్రతి పాత పటమూ ఒక విధంగా నదికి చేరకుండా ఆగిపోయినదే.

సడలిన కట్టు

20వ శతాబ్ది నడిమి కాలంలో ఈ కట్టుబాటు మూడు వైపులా సడలింది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఊరి అధికారాలు, వాటిని అంటిపెట్టుకున్న పాత ఇచ్చిపుచ్చుకోళ్లు ఒక్కొక్కటిగా బలహీనపడ్డాయి. మరమగ్గాల పోటీకి తట్టుకోలేక పద్మశాలీలు షోలాపూర్, భీవండి, సూరత్‌లకు పెద్ద సంఖ్యలో వలసపోయారు. కట్నం చెల్లించే వాడలే ఖాళీ అయినప్పుడు మిరాశీ ఊరు పేరుకు మాత్రమే మిగిలింది. టూరింగ్ టాకీసులు పురాణ చిత్రాలను తెచ్చి, రాత్రి పొద్దుపోయేదాకా మేలుకొని ఉండే ప్రేక్షకుణ్ని తమ వైపు తిప్పుకున్నాయి. చదువుకున్న యువతరానికి ఇంటింటా త్యాగం అడగడం హక్కుగా కాక భిక్షగా తోచడం, కథకుల పిల్లలు వేరే పనులు వెతుక్కోవడం చివరి మలుపు.

కథకులు కొత్త పటాలు రాయించుకోవడం తగ్గగానే నకాషీల పని ఆగింది. చాలా కుటుంబాలు కుంచె వదిలి ఇతర వృత్తులకు పోగా, చేర్యాలలో ధనాలకోట ఇంటిపేరు గల కుటుంబంవారు గట్టిగా పట్టుకొని నిలిచారు. 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి వంటి సంస్థలు 1970ల తరువాత వారిని గుర్తించి, పట్టణపు కొనుగోలుదారులకు పరిచయం చేశాయి. ధనాలకోట చంద్రయ్య, ధనాలకోట వైకుంఠం వంటివారు ఈ మార్పుకు నడుమ నిలిచిన తరానికి చెందినవారు; పొడవైన పటం గీయగల చేతితోనే వారు అడుగున్నర పలకలను, గోడకు తగిలించే ముఖాలను, చిన్న బొమ్మలను చేయడం అలవాటు చేసుకున్నారు.

ఆ తరువాత చేర్యాల చిత్రాలకు భౌగోళిక సూచిక లభించింది. 1999 నాటి చట్టం ప్రకారం, ఒక వస్తువు పేరు, ప్రతిష్ఠ ఒక ప్రాంతానికి చెందినవని గుర్తించి, ఆ పేరును బయటివారు వాడుకోకుండా ఇచ్చే రక్షణే భౌగోళిక సూచిక. 2016 అక్టోబరు 11న జిల్లాలు పునర్వ్యవస్థీకరించినప్పుడు చేర్యాల వరంగల్లు జిల్లా నుంచి సిద్దిపేట జిల్లాలోకి మారింది గాని, చిత్రానికి ఊరి పేరు అలాగే నిలిచింది. అయితే ఈ రక్షణ చిత్రించిన వస్తువుకే వర్తిస్తుంది. కాకిపడగలవారి గొంతు, కూనపులివారి గోత్రాల పాఠం, డక్కలివారి వాదన ఏ సూచికలోనూ నమోదు కాలేదు. ముగ్గురు హక్కుదారులలో ఒకరి హక్కు మాత్రమే చట్టం కంటికి కనిపించింది.

గోడకెక్కిన బొమ్మ

నేడు నగరాల హస్తకళా ప్రదర్శనలలో దొరికే చేర్యాల చిత్రంలో బతుకమ్మ ఆడే స్త్రీలు, బోనం ఎత్తుకున్న మనిషి, తాటిచెట్టెక్కుతున్న గీతకాడు, మగ్గం నేస్తున్న సాలె కనిపిస్తారు. ఒకప్పుడు ఇవన్నీ ఏదో ఒక పురాణంలో ముందువెనుకలు ఉన్న ఘట్టాలు. గీతకాడి ముందు దృశ్యంలో అతని కులదైవం, తరువాతి దృశ్యంలో అతని వీరుడు ఉండేవారు. ఇప్పుడు గీతకాడు పల్లె జీవితానికి గుర్తుగా ఒంటరిగా నిలబడ్డాడు. దీనిని పతనమని కొట్టివేయడం న్యాయం కాదు. ఈ చిన్న పలకలే నకాషీ ఇంట పొయ్యి వెలిగించాయి, ఈ అంగడే ఎరుపు నేలను, ఉడుత వెంట్రుకల కుంచెను, చింతగింజల అంబలిని మరో తరానికి అందించింది.

మార్పు ఎంతదో తెలుసుకోవాలంటే చిత్రపు అంచును చూస్తే చాలు. పాత పటంలో పూలు, తీగలు గీసిన సన్నని పట్టీ ఒక దృశ్యానికి, తరువాతి దృశ్యానికి నడుమ అడ్డంగా సాగేది. కథకుడి కర్ర అక్కడ ఒక క్షణం ఆగేది, వంతలు రాగం ఎత్తుకునేవారు, చుట్ట మరొక జానెడు విచ్చుకునేది. నేటి పలకలో అదే పూల పట్టీ నాలుగు వైపులా తిరిగి బొమ్మను చుట్టేస్తుంది. గీత మారలేదు, పువ్వు మారలేదు. ఒకనాడు కథకు తరువాతి మెట్టుగా ఉన్నది ఇప్పుడు గోడకు చట్రమైంది.